చిల్లు పొడిచిన బంగారు నాణెం: అమెరికన్ కథల్లో దాచిన జాతి, ఇంటి గుట్టు

అందరికీ నమస్కారం.

ఒక నాణెంతో మొదలుపెడతాను. జేమ్స్ వెల్డన్ జాన్సన్ 1912లో తన పేరు వేసుకోకుండా ఒక నవల అచ్చు వేయించాడు. పేరు 'ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ యాన్ ఎక్స్-కలర్డ్ మ్యాన్'. నిజంగా ఎవరో రాసుకున్న ఆత్మకథే అని నమ్మి చదివినవాళ్ళున్నారు. 1927లో మళ్ళీ అచ్చయినప్పుడు గానీ అట్ట మీదికి రచయిత పేరు రాలేదు. కథ చెప్పేవాడికి తల్లి నల్లజాతి మనిషి, తండ్రి తెల్లవాడు. పిల్లవాణ్ణీ తల్లినీ ఉత్తరాదికి పంపించేసే ముందు ఆ తండ్రి 10 డాలర్ల బంగారు నాణెం ఒకటి తీసుకుని, ఓపిగ్గా చిల్లు పొడిచి, దారం గుచ్చి పిల్లవాడి మెడలో కడతాడు. ఆ నాణేన్ని అతను దాదాపు జీవితమంతా మెడలోనే ఉంచుకున్నాడు. చిల్లు పొడవకుండా కట్టే దారి ఇంకేదైనా ఉంటే ఎంత బాగుండేది అని మాత్రం అనుకుంటూ ఉంటాడు.

ఈ ఒక్క బొమ్మలో కథంతా ఉంది. బంగారం బంగారమే, తూకం వేస్తే తూగుతుంది. కానీ బజారులో నాణెంగా చెల్లదు. పైగా చిల్లు పొడిచింది ఎవరో కాదు, ప్రేమగా కట్టిన తండ్రే.

తెల్లగా పుట్టిన నల్లజాతి మనిషి తెల్లవాళ్ళలో తెల్లవాడిగా బతకడాన్ని అమెరికాలో 'పాసింగ్' అంటారు. తెలుగులో నాకు దగ్గరగా తోచే మాట 'చెలామణి'. 'మారువేషం' అనకూడదు, ఎందుకంటే వేషమేమీ లేదు. మొహం తనదే, జుట్టు తనదే. 'చెలామణి'లోనూ ఒక చిక్కుంది: వినగానే దొంగనోటు గుర్తొస్తుంది, ఆ మనిషే నకిలీ అన్నట్టు ధ్వనిస్తుంది. ఈ పుస్తకాలు అనువదించేవాళ్ళు అక్కడ జాగ్రత్తపడాలి. ఇందులో తప్పుడు ముద్ర వేసింది టంకశాల, అంటే చట్టం.

'అంత తెల్లగా ఉన్న మనిషి నల్లవాడెలా అయ్యాడు?' మనవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఇది. జవాబు కోసం 1662 దాకా వెళ్ళాలి. ఆ ఏడాది వర్జీనియాలో చేసిన చట్టం ప్రకారం బిడ్డ బానిసా స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి తేలుతుంది. ఇంగ్లీషువాళ్ళ ఆనవాయితీలో తండ్రిని బట్టి చూసేవాళ్ళు, ఇక్కడ దాన్ని తిరగేశారు. దాంతో యజమాని తన దగ్గరున్న బానిస స్త్రీకి బిడ్డని కంటే, ఆ బిడ్డ అతనికి కొడుకు కాడు, ఆస్తి. ఆమె కూతురికీ అదే జరిగి, ఆ కూతురి కూతురికీ అదే జరిగితే లెక్క వేసుకోండి: సగం, పావు, ఎనిమిదో వంతు, పదహారో వంతు. నాలుగో తరం పిల్ల చూడ్డానికి పూర్తిగా తెల్లగా ఉంటుంది, చట్టం దృష్టిలో మాత్రం బానిసే.

1894లో వచ్చిన 'పుడ్డన్‌హెడ్ విల్సన్'లో మార్క్ ట్వేన్ సరిగ్గా ఈ లెక్కనే పట్టుకున్నాడు. రాక్సీ అనే బానిస స్త్రీ పదహారో వంతు నల్లజాతి, ఆమె కొడుకు ముప్ఫై రెండో వంతు. యజమాని బిడ్డా తన బిడ్డా ఒకే ఈడువాళ్ళు, ఒకే పోలిక. బట్టలొక్కటే తేడా. తన బిడ్డని ఎక్కడ అమ్మేస్తారోనన్న భయంతో బట్టలు మార్చి ఉయ్యాల మారుస్తుంది. ఇక ఆ రోజు నుంచి కన్నకొడుకుని 'చిన్నదొర' అని పిలవాలి. ఇంగ్లీషులో ఈ మార్పు సంబోధనలో, పనిమనిషి యాసలో వినబడుతుంది. తెలుగులోకి తెస్తే ఇంకా పదునెక్కుతుంది, ఎందుకంటే మనకి 'మీరు', 'నువ్వు' ఉన్నాయి. తల్లి కొడుకుని ఇరవై ఏళ్ళకు పైగా 'మీరు' అంటుంది. నిజం చెప్పే రోజున ముందు వాణ్ణి మోకాళ్ళ మీద నిలబెట్టి, అప్పుడు చెబుతుంది. ఆ తర్వాత తనని అమ్మ అని పిలవమంటుంది, వాడికి వచ్చే డబ్బులో సగం ఇమ్మంటుంది. 'మీరు' ఏ వాక్యంలో 'నువ్వు' అవుతుందో అనువాదకుడు తేల్చుకోవాల్సింది ఆ పేజీలోనే. ముందే 'నువ్వు' వేసేస్తే ఆ ఘట్టం నీరుగారిపోతుంది.

గుట్టు బయటపడేది వేలిముద్రలతో. ఊరంతా వెర్రివాడనుకున్న లాయరు విల్సన్ సరదాకి గాజు పలకల మీద అందరి వేలిముద్రలూ తీసి దాచుకుంటాడు, పసిపిల్లలవీ ఉంటాయి. కోర్టులో అవి చూపించేసరికి దొర బానిస అయ్యాడు, బానిస దొర అయ్యాడు. అయితే అసలు వారసుడికి చదువు లేదు, మాట బానిసల మాట, దొరల గదిలో కూర్చోవడం చేతకాదు. నకిలీ వారసుడు హంతకుడు. అయినా అప్పులవాళ్ళు వచ్చి వాడు ఆస్తి కింద లెక్క, జైల్లో పెడితే మా సొమ్ము పోతుందంటారు. అంతే, గవర్నరు క్షమాభిక్ష పెట్టి నది కిందికి, అంటే దక్షిణాది తోటల్లో బానిసగా, అమ్మేయిస్తాడు. ముప్ఫై రెండో వంతు ఎంత పని చేసిందో చూడండి.

ఈ వంతుల లెక్క ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉండేది, కాలంతో మారేది. వర్జీనియాలో 1910 దాకా నాలుగో వంతు ఉంటే నల్లజాతి. 1910లో పదహారో వంతుకి దించారు. 1924లో జాతి స్వచ్ఛత చట్టం తెచ్చి, లేశమాత్రం ఉన్నా తెల్లవారు కారన్నారు. దీన్నే 'ఒక్క చుక్క సూత్రం' అంటారు. అందులో ఒక మినహాయింపు పెట్టారు: పదహారో వంతు దాకా అమెరికన్ ఆదివాసీ రక్తం ఉంటే పరవాలేదు. ఇంగ్లీషువాణ్ణి పెళ్ళాడిన ఆదివాసీ నాయకుడి కూతురు పొకహాంటస్ సంతతి అని చెప్పుకునే పెద్ద కుటుంబాలు వర్జీనియాలో ఉన్నాయి, వాళ్ళు చిక్కుకోకూడదని. సూత్రం రాసినవాళ్ళకే తమ ఇంటి గుట్టు తెలుసన్నమాట. ఆ చట్టాన్ని అమలు చేసిన వాల్టర్ ప్లెకర్ జనన మరణాల రిజిస్ట్రారు. 1912 నుంచి 1946 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. పాత రిజిస్టర్లు తిరగేసి, ఫలానా ఇంటిపేరు వాళ్ళని తెల్లవాళ్ళుగా రాయొద్దని కింది ఉద్యోగులకు ఉత్తరాలు రాసేవాడు. జనాభా లెక్కలూ ఇదే దారి: 1890లో ములాటో (దాదాపు సగం), క్వాడ్రూన్ (పావు), ఆక్టరూన్ (ఎనిమిదో వంతు) అని గడులుండేవి. 1930కి వచ్చేసరికి ఎంత తక్కువ ఉన్నా 'నీగ్రో' అనే రాయమన్నారు. గడి నింపేది మనిషి కాదు, ఇంటికొచ్చిన ఎన్యూమరేటరు.

హోమర్ ప్లెసీ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1892లో న్యూ ఆర్లీన్స్‌లో, రైళ్ళలో తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ వేరుగా కూర్చోబెట్టే చట్టాన్ని సవాలు చేయడానికే తెల్లవాళ్ళ రైలుపెట్టె ఎక్కాడు. అతనిది ఎనిమిదో వంతు. తానెవరో నోరు తెరిచి చెబితే గానీ అరెస్టు కాని పరిస్థితి! ఆ కేసులోనే 1896లో సుప్రీంకోర్టు 'వేరుగా ఉన్నా సమానమే' అన్న తీర్పునిచ్చి, విడదీతకి రాజముద్ర వేసింది.

దీనికి పూర్తిగా భిన్నమైన తీర్పు ఒకటుంది, చాలామంది పాఠకులు దాటేసిపోతారు. 1835లో దక్షిణ కరొలైనా కోర్టు ఏమందంటే, మనిషి ఏ జాతి అన్నది రక్తంతోనే తేలదు, ఊళ్ళో అతనికున్న పేరు, సమాజం అతన్ని కలుపుకున్న తీరు, తెల్లవాడి హక్కులు అతను అనుభవిస్తూ వచ్చాడా లేదా, ఇవన్నీ చూడాలి అంది. అంటే చెలామణి అయితే చెల్లినట్టే. చార్ల్స్ చెస్నట్ 1900లో రాసిన 'ది హౌస్ బిహైండ్ ద సీడర్స్' నవల ఈ సందులోనే నడుస్తుంది. లాయరు కావాలనుకున్న కుర్రవాడికి ఒక జడ్జి చట్టం పుస్తకం తీసి, పక్క రాష్ట్రంలో నిబంధన వేరని చూపిస్తాడు. కుర్రవాడు సరిహద్దు దాటి పేరు మార్చుకుని తెల్ల లాయరవుతాడు. తర్వాత చెల్లెలు రీనాని తీసుకెళతాడు. ఆమెకి పెళ్ళి కుదురుతుంది. అంతా సవ్యంగా ఉండగా తల్లికి జబ్బు చేసినట్టు రీనాకి కలొస్తుంది, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఉండబట్టలేక తల్లి దగ్గరికి తిరిగొస్తుంది, కథ అక్కడే తెగుతుంది. చట్టం ఒప్పుకుంది, మొహం ఒప్పుకుంది, తల్లి మీద బెంగ మాత్రం ఒప్పుకోలేదు. చెస్నట్ కూడా తెల్లవాడిగా చెల్లిపోగల రంగున్నవాడే, ఆ దారిన వెళ్ళలేదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడుంది. ఈ కథల్లో రహస్యం దాచుకున్నవాళ్ళ మీదే మన చూపు నిలుస్తుంది: పట్టుబడతాడా, తప్పించుకుంటాడా అని. కానీ ఆ రహస్యాన్ని రోజూ మోసేది వెనక మిగిలిపోయినవాళ్ళు. తల్లి, చెల్లెలు, చిన్ననాటి స్నేహితురాలు. దాటిపోయినవాడు ఒక్కసారి దాటుతాడు. వెనకున్నవాళ్ళు ఎదురుపడ్డ ప్రతిసారీ నోరు నొక్కుకోవాలి.

లాంగ్‌స్టన్ హ్యూస్ 1934 సంపుటంలో చిన్న కథ ఒకటుంది, పేరు 'పాసింగ్'. మొత్తం ఒక ఉత్తరం. కొడుకు జాక్ తల్లికి రాస్తాడు. నిన్న రాత్రి బజార్లో నిన్ను చూసి కూడా పలకరించకుండా వెళ్ళిపోయాను, కుక్కలా అనిపించిందమ్మా అని మొదలెడతాడు. పక్కన తను పెళ్ళి చేసుకోబోయే తెల్లపిల్ల ఉంది. నువ్వు మాత్రం భలే నిబ్బరంగా ఉన్నావు, నేను నీ కొడుకునన్న సంగతి అటుంచి, తెలిసినవాడినన్న గుర్తు కూడా కనబడనివ్వలేదు అని మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకోలు దగ్గర ఆగండి. కొడుకు తల్లిని పొగుడుతున్నది దేనికి? కన్నకొడుకుని గుర్తుపట్టనట్టు నటించినందుకు. తల్లి జవాబు కథలో లేదు. హ్యూస్ ఆమెకి ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు, ఆ మౌనమే కథకి వెన్నెముక. తర్వాత, పిల్లలు నల్లగా పుడితే నా పిల్లలు కారని ఒట్టేస్తాను అని కూడా రాస్తాడు. చివర్లో, కలవలేకపోయినా ఉత్తరాలు రాసుకోవచ్చు కదా అంటాడు. కవరుకి రంగు లేదు మరి.

66 ఏళ్ళ తర్వాత, 2000లో వచ్చిన ఫిలిప్ రాత్ 'ది హ్యూమన్ స్టెయిన్'లో ఆ తల్లికి నోరొచ్చింది. కోల్మన్ సిల్క్ పెళ్ళి చేసుకోబోతూ, ఇకమీదట తను తెల్లవాడిగా బతుకుతానని తల్లికి చెప్పడానికి వస్తాడు. ఆమె నర్సు, నిదానస్తురాలు. అరవదు. నన్ను న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో వెయిటింగ్ రూం బెంచీ మీద కూర్చోమంటావు, పదకొండూ ఇరవై అయిదుకి పిల్లలకి మంచి బట్టలు తొడిగి నా ముందు నుంచి నడిపించుకుపోతావు, అదే నా పుట్టినరోజు కానుక అవుతుంది, అంటుంది. పదకొండున్నర అనలేదు చూడండి, పదకొండూ ఇరవై అయిదు. రైలు టైం చెప్పినంత కచ్చితంగా చెబుతుంది. మనవల్ని చూడటానికి నిమిషాల లెక్కలో అపాయింట్‌మెంటు. ఆ ఒక్క అంకె రాత్ రాసిన చాలా పేజీల కన్నా నాకు ఎక్కువ గుర్తుంది.

ఇక నెల్లా లార్సెన్. 1929లో వచ్చిన 'పాసింగ్' ఈ వరుసలో అన్నిటికన్నా పొందికైన నవల అని నా అభిప్రాయం. లార్సెన్ షికాగోలో 1891లో పుట్టింది. తల్లి డెన్మార్క్ నుంచి వచ్చినామె, తండ్రి డేనిష్ వెస్టిండీస్ మనిషి. నర్సుగా, లైబ్రేరియన్‌గా పనిచేసింది. నవల మొదలయ్యేది ఒక ఉత్తరంతో: పొడుగాటి కవరు, పల్చటి ఇటాలియన్ కాగితం, ఊదా సిరా, పంపినవాళ్ళ చిరునామా లేదు. అది క్లేర్ కెండ్రీ దగ్గర్నుంచి వచ్చింది, అందుకున్నది ఐరీన్ రెడ్‌ఫీల్డ్. క్లేర్ తెల్లవాణ్ణి పెళ్ళాడి తెల్లమనిషిగా బతుకుతోంది. ఐరీన్ న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే హార్లెం పేటలో డాక్టరు భార్య, నల్లజాతి సంఘసేవలో పేరున్న మనిషి. ఎవరి కథ చెబితే రక్తి కడుతుంది? ఎవరైనా క్లేర్‌దే అంటారు. లార్సెన్ మాత్రం కథంతా ఐరీన్ కళ్ళతో చెప్పింది. ఆ ఎంపికలోనే ఆమె పనితనముంది.

ఇద్దరూ చాలా ఏళ్ళ తర్వాత కలిసేది షికాగోలో ఒక హోటల్ మేడ మీద. మండుటెండలో సొమ్మసిల్లబోయి ఐరీన్ పైకెళ్ళి చల్లటి టీ తాగుతుంటుంది. నల్లవాళ్ళని రానివ్వని చోటది, అంటే ఆ పూటకి ఐరీన్ కూడా చెలామణిలోనే ఉంది. పక్క బల్ల దగ్గర ఒక ఆడమనిషి తననే చూస్తుంటుంది. పసిగట్టిందా అని ఐరీన్ గుండె దడదడలాడుతుంది. తెల్లవాళ్ళు గోళ్ళు, అరచేతులు, చెవులు, పళ్ళు చూసి కనిపెట్టగలమంటారు, అదంతా వట్టిది అని తనకి తనే ధైర్యం చెప్పుకుంటుంది. ఆ చూసే మనిషి క్లేర్. ఇద్దరు నల్లజాతి స్త్రీలు, తెల్లవాళ్ళ హోటల్లో, ఒకరికొకరు తెల్లవాళ్ళుగా కనబడుతూ.

తర్వాత క్లేర్ గదిలో తేనీటి ఘట్టం. క్లేర్, ఐరీన్, గెర్ట్రూడ్ అనే మరో స్నేహితురాలు కూర్చుని ఉంటారు. గర్భం మోసిన తొమ్మిది నెలలూ బిడ్డ నల్లగా పుడుతుందేమోనని చచ్చేంత భయపడ్డానని క్లేర్ చెబుతుంది. అంతలో ఆమె భర్త జాన్ బెల్యూ వస్తాడు. వస్తూనే భార్యని ఒక ముద్దుపేరుతో పలకరిస్తాడు, అది నల్లవాళ్ళని తిట్టే మాటని కురచ చేసి పెట్టిన పేరు. పెళ్ళినాడు కలువలా తెల్లగా ఉండేది, రానురాను నలుపు తిరుగుతోంది, అందుకే అలా పిలుస్తానని నవ్వుతాడు. అతనికేమీ తెలియదు. ఐరీన్‌కి ఆపుకోలేనంత నవ్వొచ్చి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుతుంది. నల్లవాళ్ళంటే ఇష్టం లేదా అని అడుగుతుంది. ఇష్టం లేకపోవడం కాదు, అసహ్యం అంటాడు. గదిలో ముగ్గురు నల్లజాతి స్త్రీలున్నారు. ఎవ్వరూ నోరు మెదపరు. ఐరీన్ ఎందుకు మెదపదు? చెబితే క్లేర్ బతుకు పోతుంది. చెప్పకపోతే తన జాతిని తిట్టిన తిట్టు మింగాలి. మింగుతుంది. నవల చివరిదాకా ఆ మింగిందే ఆమెని లోపల్నుంచి తింటూ ఉంటుంది. తర్వాత బెల్యూ వీధిలో ఆమెని ఒక నల్లజాతి స్నేహితురాలి చెయ్యి పట్టుకుని నడుస్తుండగా చూస్తాడు, అతనికి అర్థమవుతుంది. ఐరీన్ ఆ సంగతి క్లేర్‌కి చెప్పదు. మొదటి మౌనం స్నేహం కోసం. రెండోది క్లేర్‌ని వదిలించుకోవాలన్న కోరికతో. నిలువెత్తు మనిషి ఇలా మారిపోవడాన్ని లార్సెన్ ఎక్కడా గొంతు పెంచకుండా చూపించింది.

ఆ నవలలో రైన్‌లాండర్ కేసు ప్రస్తావన ఒక్క వాక్యంలో వచ్చిపోతుంది, అప్పటి పాఠకులకి అది చాలు. న్యూయార్క్ ధనిక కుటుంబానికి చెందిన లెనార్డ్ రైన్‌లాండర్ 1924లో ఆలిస్ జోన్స్‌ని పెళ్ళాడి, తన జాతి దాచిందంటూ పెళ్ళి రద్దు చేయమని దావా వేశాడు. 1925లో విచారణ. దాచలేదు, ఒళ్ళు చూసినవాడికి తెలియకపోదు అని నిరూపించడానికి ఆమె తరఫు లాయరే ఆమె చేత జడ్జికీ జ్యూరీకీ ఒళ్ళు చూపించాడు. జ్యూరీ అంతా తెల్ల మగవాళ్ళు. ఆమె గెలిచింది. గెలవడానికి ఏం చేయాల్సి వచ్చిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

బిడ్డ రంగు భయం గురించి ఒక మాట. చూడ్డానికి తెల్లగా ఉన్న ఇద్దరికి హఠాత్తుగా కారునలుపు బిడ్డ పుట్టడం కథల్లో పదేపదే కనబడుతుంది. చర్మం రంగుని ఎన్నో జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి, తల్లిదండ్రులిద్దరి కన్నా బాగా నల్లగా బిడ్డ పుట్టడం చాలా అరుదు. జీవశాస్త్రం సంగతి ఎలా ఉన్నా ఆ భయం మాత్రం నిజం. కేట్ షోపాన్ 1893 నాటి కథ 'డెజిరేస్ బేబీ'లో బిడ్డ ఛాయ చూసి భర్త అర్మాండ్ భార్యని వెళ్ళగొడతాడు. ఆమె సామాన్లు మంటలో వేయిస్తూ సొరుగు అడుగున ఒక పాత ఉత్తరం చూస్తాడు. తన తల్లి తండ్రికి రాసినది. నల్లజాతి రక్తం తన తల్లిదని అందులో ఉంది. ఇక్కడా కాగితమే, ఇక్కడా తల్లిదండ్రుల మౌనమే. కొడుకు మీది ప్రేమతో వాళ్ళు దాచిన జాతి సంగతి కోడలి ప్రాణం మీదికొచ్చింది.

భారతీయులకి ఈ చరిత్రతో నేరుగా సంబంధముంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, మామూలు జనం 'తెల్లవాళ్ళు' అంటే అర్థం చేసుకునే మనుషుల్లో భారతీయులు లేరంది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళు కొందరు పోగొట్టుకున్నారు. ఇంకోవైపు నల్లజాతి పాస్టరు జెస్సీ రౌటే 1947లో తలపాగా చుట్టుకుని, పొడుగు అంగీ వేసుకుని అలబామా మొబైల్ నగరానికి వెళితే విదేశీ పెద్దమనిషనుకుని మర్యాద చేశారు. మన దగ్గర అద్దె ఇంటి కోసం కులం దాచుకునేవాళ్ళ కథలు మీకు గుర్తొస్తూ ఉండొచ్చు, రావాలి కూడా. ఒక తేడా మాత్రం గమనించండి. అక్కడ ఊరు మారి పేరు మారిస్తే మొహం సాయపడుతుంది. మన దగ్గర 'మీ ఇంటిపేరేంటి, మీదే ఊరు, ఫలానావాళ్ళు మీకేమవుతారు' అన్న మూడు ప్రశ్నలు చాలు.

ప్రశ్నలకి టైముంది, అడగండి.

(ఒక విద్యార్థిని: ముందు ఏది చదవమంటారు? వరసగా చదవాలా?)

వరస అక్కర్లేదు. హ్యూస్ కథ చిన్నది, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది, దానితో మొదలుపెట్టండి. తర్వాత లార్సెన్. చదువుతూ పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ప్రతి ఘట్టంలో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, తెలిసి నోరు మూసుకున్నది ఎవరు అని పేర్లు రాయండి. కథ ఎవరిదో ఆ కాగితమే చెబుతుంది. 2020లో వచ్చిన బ్రిట్ బెన్నెట్ 'ది వ్యానిషింగ్ హాఫ్' ఆ తర్వాత చదవండి. కవలల్లో ఒకరు దాటిపోతే రెండో ఆమె, ఇద్దరి కూతుళ్ళూ ఏం మోశారో తెలుస్తుంది.

(అదే విద్యార్థిని: 'పాసింగ్' చివర్లో క్లేర్ కిటికీలోంచి పడిపోయిందా, తోసేశారా?)

లార్సెన్ చెప్పలేదు. బెల్యూ లోపలికి దూసుకొస్తాడు, క్లేర్ కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది, ఐరీన్ పరుగున వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంటుంది, మరుక్షణం క్లేర్ ఉండదు. ఆ చెయ్యి ఏం చేసిందో ఐరీన్ తనకి తనే గుర్తు చేసుకోదు. తనతో తను కూడా మౌనమే. ఇంకో సంగతి. మీ దగ్గరున్న ప్రతిలో చివరి పేజీ చూడండి. కొన్ని ప్రతులు ఐరీన్‌కి అంతా చీకటైపోవడం దగ్గర ఆగుతాయి. కొన్నిటిలో దాని తర్వాత చిన్న పేరా ఉంటుంది: ఎవరో కొత్తమనిషి, ఇది ప్రమాదమే అనిపిస్తోంది, పైకెళ్ళి ఆ కిటికీ మరోసారి చూద్దాం అంటాడు. మొదటి ముద్రణల్లో ఉన్న ఆ పేరా మూడో ముద్రణలో పోయింది. ఒకదాంట్లో కథ ఐరీన్ లోపల ముగుస్తుంది, ఇంకోదాంట్లో బయటివాళ్ళ విచారణ మొదలవుతుంది. మీది ఎక్కడ ఆగిందో చూసుకుని, మళ్ళీ మొదటి పేజీలో ఆ ఊదా సిరా ఉత్తరం దగ్గరికి రండి. ఐరీన్ ఆ కవరు విప్పడానికి అంతసేపు ఎందుకు తటపటాయించిందో అప్పుడు చదవండి.